ఎదుటి బ్లాకు కింద రాతిబల్ల

ఆ ఏడు ఉగాదికి నెల్లాళ్ళ ముందు మేమిద్దరం సింగపూర్ వెళ్ళింది ఊరు చూడ్డానికి కాదు. మనవణ్ణి తెచ్చుకోవడానికి.

అనుకున్నదంతా ఫోనులోనే అనుకున్నాం. పిల్లాడికి ఇరవయ్యో నెల. పేరు శ్రీనాథ్. మేం చిన్నోడంటాం. మా అమ్మాయి అరుణశ్రీ, అల్లుడు చక్రధర్ ఇద్దరూ ఉద్యోగాలకి పోతే వాణ్ణి చూసే దిక్కు లేదు. పసిపిల్లల బడిలో వేస్తే చేతులకీ కాళ్ళకీ నోట్లోనూ పొక్కులొచ్చి రెండుసార్లు మంచాన పడ్డాడు. వాడి కోసం ఉండిపోయి అరుణ సెలవులన్నీ అవగొట్టుకుంది. "నాలుగేళ్ళు వచ్చేదాకా మీ దగ్గర ఉంచుకోండి నాన్నా" అంది ఒకరోజు. మా ఆవిడ నూకాలమ్మ ఆ మాట పూర్తి కాకుండానే సరేనంది. నేనేమీ అనలేదు. నేనేమీ అనకపోతే సరేనన్నట్టేనని మా ఇంట్లో అందరూ అనుకుంటారు.

నాకూ ఇష్టమే. బయల్దేరే ముందు పశువుల పాకకి తడిక కట్టించాను, వాడు పోయి దూడల కాళ్ళ కింద పడకుండా. నూకాలమ్మ అయితే వీధిలో ఎవరు కనపడినా ఆపి చెప్పింది.

ఇల్లు పుంగ్గోల్ అనే పేటలో. నాలుగో అంతస్తు. గుమ్మం ముందు పొడుగాటి వసారా, దాని వెంబడి ఆరిళ్ళు. వసారా గోడ దగ్గర నిలబడితే ఎదురుగా వంతెన మీద చిన్న రైలు పోతూ ఉంటుంది. ఒకటో రెండో పెట్టెలు. తోలేవాడు ఉండడు. మొదటిరోజు ముందు అద్దంలోంచి లోపలికి చూశాను, మనిషి లేడు. రెండోరోజూ చూశాను, లేడు. మూడోరోజు చూడ్డం మానేశాను. వంతెన కింద రోడ్డు, రోడ్డవతల ఎదుటి బ్లాకు. ఇక్కడ బ్లాకులకి నేలమీద ఇళ్ళుండవు. ఉత్త స్తంభాలు, వాటి మధ్య రాతిబల్లలు, బల్లల చుట్టూ రాతిపీటలు. పగలు ముసలాళ్ళు కూర్చుంటారు, సాయంత్రం పిల్లలు ఆడతారు. పెళ్ళయినా చావైనా అక్కడే షామియానా వేస్తారట.

చిన్నోడికి అన్నం పెట్టే పని నాకు పడింది. ఇంట్లో కూర్చోబెడితే వాడు నోరు తెరవడు. ఆ కిటుకు మా మనవరాలు కీర్తిక చెప్పింది. దానికి ఆరేళ్ళు. ఆ ఊరివాళ్ళలాగే మాట చివర 'లా' తగిలిస్తుంది.

"తాతా, వెయిట్. ట్రైన్ రావాలి. ట్రైన్ వస్తే వాడు 'ఆ' అంటాడు, అప్పుడు పెట్టాలి. ముందే పెడితే ఉమ్మేస్తాడు లా."

నిజమే. రైలొచ్చింది, వాడు నోరు తెరిచాడు, ముద్ద పెట్టాను. రైలు పోయింది, నోరు మూశాడు. మళ్ళీ రైలొచ్చేదాకా వాణ్ణి చంకనేసుకుని, గిన్నె గోడ మీద పెట్టి నిలబడ్డాను. నాకు తొందరేముంది. అటువీ ఇటువీ కలిపి పన్నెండు రైళ్ళకి గిన్నె ఖాళీ అయ్యింది.

పక్కింట్లో చైనా పెద్దాయన ఒకాయన ఉన్నాడు. వసారాలో కుండీలు పెట్టుకుని మిరపా కరివేపాకూ పెంచుతాడు. సాయంత్రం నీళ్ళు పోస్తూ నన్ను చూసి "మకాన్?" అనేవాడు, తిన్నావా అని. నేను తలూపేవాణ్ణి. ఆయనా తలూపేవాడు. రెండు నెలల్లో మేం మాట్లాడుకున్నది అంతే. ఆ ఊళ్ళో నాకు బాగా దగ్గరైన మనిషి ఆయనే.

వెళ్ళిన వారానికి నూకాలమ్మ అసలు సంగతి ఎత్తింది. ఆదివారం పొద్దున్న. అందరం కాఫీలు తాగుతున్నాం. చిన్నోడు తల్లి ఒళ్ళో కూర్చుని ఆమె గాజు పైకీ కిందికీ జరుపుతున్నాడు.

"ఇదిగో అరుణా, ఇలాగ ఒళ్ళో ఏసుకుని కూర్చుంటే రేపు ఇమానంలో వాడు గగ్గోలెట్టేత్తాడు. అలవాటు చెయ్యాల."

"ఏం అలవాటమ్మా?"

"నువ్వు కనపడకుండా అలవాటు. పొద్దున్న వాడు లేవకముందే ఎలాగూ ఎలిపోతావు. సాయంత్రం వాడు పడుకున్నాక రా. మా దగ్గరే పడుకుంటాడు. నాలుగు రోజులు ఏడుత్తాడు. ఆ తర్వాత నన్నే అమ్మంటాడు. లేగదూడని మాన్పించటం లేదూ? అలాగే."

అరుణ నవ్వింది. నవ్వుతూనే పిల్లాడి తల మీద చెయ్యేసింది.

చక్రధర్ మంచివాడు. ఎవరి మాటా కాదనలేడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "అత్తయ్యగారు చెప్పిందీ కరెక్టేలే. ఒక్కసారిగా అయితే వాడికి మరీ షాక్. స్లోగా అలవాటైతేనే నయం" అన్నాడు.

"మరి శని, ఆదివారాలో?"

"కీర్తికని తీసుకుని బయటికి పోండి, కొత్తగా పెళ్ళైనోళ్ళలాగ" అంది నూకాలమ్మ.

"విత్ మీ?" అంది కీర్తిక.

అందరూ నవ్వారు. అరుణ నా వైపు తిరిగింది. "నువ్వేమంటావు నాన్నా?"

"చూద్దాం" అన్నాను.

"చూద్దామంటే సరే అన్నట్టే" అంది మా ఆవిడ.

"అయినా నేనూ అమ్మమ్మ దగ్గరే పెరిగాను కదా" అంది అరుణ, ఎవరికీ చెప్పనట్టు. "నాకేమయ్యింది?"

నేను గ్లాసు పట్టుకుని వసారాలోకి పోయాను. అరుణకి రెండేళ్ళప్పుడు దాన్ని మా అత్తగారి దగ్గర ఉంచి, మేమిద్దరం కర్ణాటకలో కాలవల కింద మనవాళ్ళు వేసుకున్న క్యాంపులకి కౌలు సేద్యానికి పోయాం. మూడేళ్ళు. ఆ సంగతి ఇంట్లో ఎప్పుడూ మామూలుగానే చెప్పుకుంటాం. అమ్మమ్మ బాగా చూసింది, బొద్దుగా పెరిగింది అని.

మర్నాటి నుంచి అలవాటు మొదలైంది.

మొదటిరోజు వాడు సాయంత్రం ఏడింటికి తల్లి ఇంట్లో తొడుక్కునే చెప్పులు రెండూ పట్టుకొచ్చి వీధి తలుపు దగ్గర పెట్టి, వాటి పక్కన కూర్చున్నాడు. రెండోరోజూ అంతే. మూడోరోజు నూకాలమ్మ ఆ చెప్పులు బీరువాలో దాచింది. వాడు బీరువా దగ్గర కూర్చున్నాడు. ఆరోరోజుకి ఏడుపు సన్నగిల్లింది. పదోరోజుకి ఏడుపు లేదు. ఆ రాత్రి నిద్రలోకి జారుతూ నూకాలమ్మ చెయ్యి పట్టుకుని "మ్మ" అన్నాడు. మా ఆవిడ ముఖం చూడాలి. అబద్ధమెందుకు, నాకూ సంతోషమే వేసింది.

అరుణ ఎనిమిది దాటాక వచ్చేది. "ఆఫీసులోనే కూర్చుని పని చేసుకుంటున్నానమ్మా" అనేది. వచ్చి చెప్పులు విప్పి, మా గది తలుపు సందులోంచి ఒక్కసారి చూసి, వంటింట్లోకి పోయేది. చక్రధర్ తొమ్మిదికి గానీ వచ్చేవాడు కాదు.

కీర్తికని బడి నుంచి తీసుకొచ్చేది నేనే. బడి ఎదుటి బ్లాకుకి అవతల ఉంది. మధ్యాహ్నం మూడింటికి ఇద్దరం చెట్ల కింద నడుచుకుంటూ వచ్చేవాళ్ళం. అది మాట్లాడేది. నేను చెట్లు చూసేవాణ్ణి.

"తాతా, ఇవాళ టీచర్ ఫోర్ సీజన్స్ చెప్పింది. స్ప్రింగ్ అంటే ఫుల్ ఫ్లవర్స్. బట్ సింగపూర్‌కి స్ప్రింగ్ లేదంట. ఓన్లీ హాట్ అండ్ రెయిన్."

రోడ్డు పక్కన వరసగా పొడుగాటి చెట్లున్నాయి. వాటి పేరు నాకు తెలీదు. ఆకు పండి రాలుతోంది. కిందనుంచి చూస్తే ఆకాశం కనపడేంత పలచబడ్డాయి.

"ఉంది" అన్నాను.

"టీచర్ సెడ్ నో."

"మూడు వారాలు వాన లేదు. మొన్న ఒక్క జల్లు పడింది. అదిగో, ఆ కొమ్మ చివర చూడు. పొంగింది. పది పదిహేను రోజుల్లో పూస్తుంది."

"ప్రామిస్?"

చెట్టు తరఫున నేనెలా మాటిస్తాను? "చూద్దాం" అన్నాను.

"చూద్దాం మీన్స్ యెస్. అమ్మమ్మ చెప్పింది."

ఎదుటి బ్లాకు కిందకి వచ్చేసరికి అది ఆగింది. సంచిలోంచి చిన్న టిష్యూ కాగితాల పొట్లం తీసి, రోడ్డు వైపున్న రాతిబల్ల దగ్గర ఒక పీట మీద పెట్టింది. పొట్లం మీద పెన్నుతో గీసిన చుక్క ఉంది, ఐదు కొమ్ములతో.

"అదేంటమ్మా?"

"చోప్, తాతా."

"అంటే?"

"హాకర్ సెంటర్‌లో చూళ్ళేదా? ఫుడ్ తేవడానికి వెళ్ళేముందు సీట్ మీద టిష్యూ పెడతారు కదా. పెడితే ఆ సీట్ మనదే. ఎవ్వరూ కూర్చోరు."

"ఇక్కడ తిండి లేదు కదా. ఎవరి కోసం?"

"సీక్రెట్."

ఇంటికొచ్చాక నూకాలమ్మకి చెబితే పగలబడి నవ్వింది. "కాయితం పొట్లం పెడితే పీట మనదైపోద్దా? మనూళ్ళో అయితే పొట్లమూ పోద్ది, పీటా పోద్ది."

"అమ్మమ్మా, డోంట్ లాఫ్. ఇట్స్ ద రూల్."

"రూలంట! ఏ పెసిడెంటు పెట్టాడే ఈ రూలు?"

నేను నవ్వలేదు. మర్నాడు పొద్దున్న కీర్తిక బడి బూటు తొడుక్కోబోతూ లోపలినుంచి పొట్లం తీసింది. అదే చుక్క. ఏమీ ఎరగనట్టు సంచిలో వేసుకుంది. మధ్యాహ్నం మళ్ళీ అదే పీట మీద పెట్టింది. ఆ మర్నాడు మళ్ళీ బూటులో ఉంది. మధ్యాహ్నం పీట మీద పెట్టిన పొట్లం రాత్రికి రాత్రి ఇంటికి నడిచి రాదు. ఎవరు తెస్తున్నారని నేను అడగలేదు. అడిగితే జవాబు వినాల్సొస్తుంది.

ఉగాది పనిరోజు పడింది. నూకాలమ్మ తెల్లారకుండానే లేచి, ఊరినుంచి పొట్లంకట్టి తెచ్చిన వేపపువ్వుతో పచ్చడి చేసింది. అరుణ మామిడాకు రంగు చుడీదారు వేసుకుని, గిన్నె ముందు నిలబడి చెంచాడు తింది. చిన్నోడు లోపల నిద్రపోతున్నాడు.

"అమ్మా, ఇవాళ పండగ కదా. తొందరగా వచ్చెయ్యనా?"

నూకాలమ్మ చాలాసేపు పచ్చడి కలిపింది. కలపడానికి అందులో ఏమీ లేదు.

"రమ్మనాలని నాకు మాత్రం లేదా ఏటి? ఒక్క పూట వాడి కంట పడితే పద్దెనిమిది రోజుల కష్టమూ పోద్ది. వాడికే మళ్ళీ మొదటినుంచీ ఏడుపు." అంటూనే ముఖం అటు తిప్పుకుంది. "ఎళ్ళమ్మా, ఎళ్ళు. బూరెలు తీసి ఉంచుతాను."

అరుణ వెళ్ళింది.

ఆ సాయంత్రం ఏడింటికి ఎప్పట్లాగే చిన్నోణ్ణి చంకనేసుకుని, పప్పన్నం గిన్నెతో వసారాలో నిలబడ్డాను. కొత్త చొక్కా వేశాం వాడికి. కీర్తిక నా పక్కన గోడ పట్టుకుని నిలబడింది. పొద్దు వాలిపోయింది. ఎదుటి బ్లాకు కింద దీపాలు వెలిగాయి.

నా కళ్ళు దూరం బాగా చూస్తాయి. దగ్గరివే కనపడవు.

వంతెన కిందనుంచి చూస్తే రోడ్డవతల ఆ రాతిబల్ల కనపడుతోంది. ఆ పీట మీద ఒక మనిషి కూర్చుని ఉంది. మామిడాకు రంగు బట్టలు. ఒళ్ళో ఆఫీసు సంచి. తలెత్తి మా వసారాకేసి చూస్తోంది.

రైలొచ్చింది. చిన్నోడు నోరు తెరిచాడు. ముద్ద పెట్టాను.

కింద ఆ మనిషీ నోరు తెరిచింది.

సరిగ్గా చూశానా అని ఇంకో రైలు కోసం ఆగాను. వచ్చింది. వాడు నోరు తెరిచాడు. అక్కడ ఆమె నోరు తెరిచింది. వాడు నమిలి మింగేదాకా అలాగే చూసి, అప్పుడు మూసింది.

పిల్లలకి అన్నం పెట్టే తల్లులందరూ చేసే పనే అది. ముద్ద అందిస్తూ తమకి తెలీకుండానే తామూ నోరు తెరుస్తారు. ఇక్కడ ముద్ద నా చేతిలో ఉంది.

"యూ సా?" అంది కీర్తిక గుసగుసగా.

"ఊఁ."

"అమ్మమ్మకి చెప్పకు. అమ్మ హైడ్ అండ్ సీక్ ఆడుతోంది. తమ్ముడే సీకర్. బట్ వాడికి గేమ్ అని తెలీదు కదా, సో వాడు వెతకట్లేదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"చాలా డేస్. ఫస్ట్ టైమ్ ఆ సీట్‌లో ఎవరో అంకుల్ కూర్చున్నాడు. అక్కడ్నుంచే మన డోర్ కనిపిస్తుంది. అమ్మ స్టాండింగ్ ఓన్లీ, లాంగ్ లాంగ్ టైమ్. సో నేను చోప్ చేశాను."

గిన్నెలో ఇంకా ఐదు రైళ్ళ అన్నం ఉంది. వంటింట్లోంచి బూరెలు వేగుతున్న చప్పుడు వస్తోంది. చిన్నోణ్ణి భుజం మీదికి సర్దుకుని గిన్నె రెండో చేత్తో తీసుకున్నాను.

"కీర్తికా, లిఫ్టు నొక్కు" అన్నాను.

రోడ్డు దాటి వస్తున్న మమ్మల్ని చూసి అరుణ గభాల్న లేచింది. లేచి పారిపోలేదు గానీ పక్కనున్న స్తంభం వెనక్కి జరిగింది. మూడొంతులు కనపడుతూనే ఉంది.

"ఫౌండ్ యూ!" అంది కీర్తిక. అంత ముచ్చట దాని గొంతులో నేనెప్పుడూ వినలేదు.

చిన్నోడు చూశాడు. చూసి, నా మెడలో ముఖం దాచుకున్నాడు.

అరుణ చేతులు సగందాకా వచ్చి ఆగిపోయాయి. వాడు ఒక కన్ను తీసి చూసి మళ్ళీ దాచుకున్నాడు. వాడి గుండె నా గుండె మీద కొట్టుకోవడం తెలుస్తోంది.

పైన వంతెన మీద రైలొచ్చింది. వాడు చప్పుడు విని తలెత్తాడు, నోరు తెరిచాడు. నేను గిన్నె అరుణ చేతికిచ్చాను. ఆమె కలిపి ముద్ద పెట్టింది. తనూ నోరు తెరిచింది. వాడు నములుతూ ఆమె నోటికేసి చూశాడు. చెయ్యి చాపి ఆ నోటి మీద పెట్టాడు. తర్వాత ఆ చెయ్యి ఆమె చేతి మీదికి దించి, గాజు పట్టుకుని పైకి జరిపాడు. "మ్మ" అన్నాడు.

అరుణ పీట మీద కూలబడింది. వాడు ఒళ్ళోకి ఎక్కాడు. "ఎందుకు తీసుకొచ్చావు నాన్నా? అమ్మ చూస్తే గోల చేస్తుంది" అంది.

"అన్నం పెట్టు" అన్నాను.

ఇంకో రైలు పోయింది. ఎదుటి పీట మీద కూర్చున్నాను. ఒక మాట నా నోట్లో ముప్ఫయ్యేళ్ళ నుంచి ఉంది. చెప్పడానికి ఎంతోసేపు పట్టదు.

"క్యాంపు నుంచి నిన్ను తీసుకెళ్దామని మీ అమ్మమ్మ గారి ఊరొచ్చాను. నీకప్పుడు ఐదేళ్ళు. గుమ్మంలో ఆడుకుంటున్నావు. నన్ను చూసి లోపలికి పరిగెత్తావు. 'అమ్మమ్మా, ఎవరో వచ్చారు' అన్నావు."

అరుణ ముద్ద పట్టుకుని అలాగే చూసింది.

"నాకు గుర్తులేదు నాన్నా."

"నీకు లేదు" అన్నాను.

అంతే. తర్వాత గిన్నె ఖాళీ అయ్యేదాకా రైళ్ళు చూస్తూ కూర్చున్నాం.

పైకెళ్ళేసరికి నూకాలమ్మ గుమ్మంలో ఉంది, చేతిలో బూరెలు తీసే చట్రంతో. తల్లి చంకలో ఉన్న పిల్లాణ్ణి చూసింది. నన్ను చూసింది.

"పద్దెనిమిది రోజులండీ!"

"వాడు రాడు" అన్నాను.

"ఎక్కడికి?"

"మనతో."

"అదేటి? ఊళ్ళో అందరికీ చెప్పుకున్నాను. వాడికని కొత్త పెట్టె కొన్నాను. బట్టలు సర్దేశాను. నా కోసమే చేశానా నేనిదంతా? ఈ పిల్ల ఉద్యోగం కోసం కాదూ?" చట్రం బల్ల మీద పెట్టి గదిలోకి పోయింది. ఆ రాత్రి బూరెలు ఎవరం తినలేదు.

నాలుగు రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. నేను మాట్లాడకపోవడం మామూలే. ఆమె మాట్లాడకపోతే మాత్రం ఆ ఇల్లంతా ఖాళీ చేసినట్టుంది. పక్కింటి పెద్దాయన కూడా నీళ్ళు పోస్తూ ఒకసారి మా గుమ్మంకేసి చూసి, "మకాన్?" అని నన్ను రెండుసార్లు అడిగాడు.

చక్రధర్ ఆ వారమే నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. "మరెలా మావయ్యగారూ? మీరు వెళ్ళాక వాణ్ణి ఎవరు చూస్తారు? మళ్ళీ ఆ చైల్డ్‌కేర్‌లో వేస్తే ఏడుస్తాడు, జ్వరం తెచ్చుకుంటాడు..."

"ఇంకా నాలుగు వారాలున్నాం కదా" అన్నాను. "అలవాటు చెయ్యడమే అయితే బడికి చేద్దాం."

ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. తుడుచుకుని, "వారంలో రెండు రోజులు నేను ఇంట్లోంచి పని చేసుకుంటానని అడుగుతాను" అన్నాడు. అరుణ వంటింట్లోంచి, "నేను ఏడింటికే ఆఫీసుకెళ్ళి నాలుగింటికి వచ్చేస్తానంటాను. ఒప్పుకుంటే సరే. లేకపోతే అప్పుడు చూద్దాం" అంది. అరుణ 'చూద్దాం' అనడం నేను వినడం అదే మొదటిసారి.

పసిపిల్లల బడి రెండు బ్లాకుల అవతల ఉంది. అడ్డకమ్మీల తలుపు, లోపల రంగురంగుల చాపలు. మొదటిరోజు వాణ్ణి లోపలికి పంపి, తలుపు బయట, వాడికి కనపడేలా నేల మీద కూర్చున్నాను. నా తువ్వాలు ఎర్రది, దూరానికీ తెలుస్తుంది. వాడు ఏడుస్తూ వచ్చి చూసేవాడు, నేను ఉండేవాణ్ణి. మళ్ళీ పోయేవాడు. రెండు గంటలకి తెచ్చేశాను. మూడోరోజు నాలుగు బారలు వెనక్కి జరిగాను. ఐదోరోజు రోడ్డు పక్క చెట్టు కిందకి. అక్కడి పంతులమ్మ ఒకామె మొదట్లో నన్ను అనుమానంగా చూసింది. తర్వాత ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది.

ఆ చెట్టు కింద కూర్చుని ఉండగా ఎవరో వచ్చి వెనక నిలబడ్డారు. ఫ్లాస్కు మూత తీసిన చప్పుడయ్యింది.

"ఎండలో కూర్చుని ఏం చేత్తన్నారు ఇక్కడ?" అంది నూకాలమ్మ.

"కూర్చున్నాను."

"అది కనపడతానే ఉంది." కాఫీ పోసి ఇచ్చింది. కుర్చీలోంచి నేను లేచాను, ఆమె కూర్చుంది. బడి తలుపు దగ్గరికి చిన్నోడు వచ్చాడు. ఎర్ర తువ్వాలు చూశాడు, పక్కన అమ్మమ్మని చూశాడు. వచ్చి పడతాడనుకుంది ఆవిడ. రెండు చేతులూ చాపబోయింది. వాడు కమ్మీల్లోంచి చెయ్యి ఊపి, లోపల ఎవరో డప్పు కొడుతుంటే అటు పరిగెత్తాడు.

నూకాలమ్మ చాపిన చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"అలవాటైపోయాడు" అంది.

"ఊఁ."

"అరుణని తేవడానికి మీతోపాటు నేనూ వచ్చుంటే, నన్నూ ఎవరో అనేది కదా." అరుణ చెప్పినట్టుంది. నేను కాఫీ తాగాను.

ఉగాది వెళ్ళిన తొమ్మిదోరోజు పొద్దున్న చూస్తే రోడ్డు పొడుగునా చెట్లన్నీ పూశాయి. ఒక్క రాత్రిలో. తెలుపు కొన్ని, గులాబీరంగు కొన్ని. ఆకు తక్కువ, పువ్వే ఎక్కువ. బడికి తీసుకెళ్తుంటే కీర్తిక నా చెయ్యి వదిలి, కింద రాలినవి గౌను నిండా ఏరుకుంది. "టీచర్‌కి చూపించాలి" అంది. మధ్యాహ్నం తీసుకురావడానికి వెళ్ళి, "ఏమంది మీ టీచర్?" అని అడిగాను.

"ఫస్ట్ నో అంది. ఐ సెడ్ మై తాత ఈజ్ ఎ ఫార్మర్. తర్వాత ఓకే లా అంది."

ఎదుటి బ్లాకు కిందకి వచ్చాం. అది రాతిబల్ల దగ్గర ఆగలేదు. పీట ఖాళీగా ఉంది.

"పొట్లం పెట్టవా?" అన్నాను.

"ఎందుకు? అమ్మ నాలుగింటికి ఇంటికే వస్తుంది కదా." నా తెలివితక్కువకి జాలిపడ్డట్టు చూసింది. ఆ పీట మీద ఎవరో పెద్దామె వచ్చి, కూరగాయల సంచి పక్కన పెట్టుకుని కూర్చుంది.

చిన్నోడికి మధ్యలో ఒకసారి జలుబు చేసింది. పొక్కులు రాలేదు. నేను కుర్చీలో కూర్చోవడం మానేసి, ఎర్ర తువ్వాలు ఒక్కటే రెండు రోజులు కుర్చీ మీద వేసి వచ్చాను. ఆ తర్వాత అదీ తీసేశాను.

ప్రయాణం రోజు మధ్యాహ్నం నూకాలమ్మ పిల్లాడికని కొన్న కొత్త పెట్టె మంచం కిందనుంచి లాగింది. అందులో సర్దిన చొక్కాలు, లాగూలు, పాలగ్లాసు ఒక్కొక్కటే తీసి అరుణ బీరువాలో పెట్టింది. తీస్తూ ప్రతి చొక్కానీ మళ్ళీ మడతపెట్టింది. బీరువా అడుగున అరుణ ఇంటి చెప్పులు దొరికాయి. తెచ్చి వీధి తలుపు దగ్గర పెట్టింది. ఖాళీ పెట్టె కీర్తిక తీసుకుంది, అందులో తను పడుతుందో లేదో చూడ్డానికి.

టాక్సీ కిందకొచ్చి ఆగింది. చక్రధర్ సామాను దింపాడు. పక్కింటి పెద్దాయన తన కుండీలోంచి గుప్పెడు పచ్చిమిరపకాయలు కోసి సంచిలో కట్టి ఇచ్చాడు. "మకాన్" అన్నాడు, ఈసారి అడగకుండా, తినమన్నట్టు. చిన్నోడు తల్లి చంకలోంచి నా మీసం పీకాడు. నూకాలమ్మ ఏదో మర్చిపోయానంటూ లోపలికి వెళ్ళి ఎంతకీ రాలేదు.

చూద్దామని వెళ్ళాను. మేం పడుకున్న గదిలో మంచం పక్కన నిలబడి దుప్పటి సరిచేస్తోంది. రెండు దిండ్లు ఆ చివరొకటి ఈ చివరొకటి పెట్టింది. మధ్యలో, ఆ పద్దెనిమిది రాత్రులూ వాడు పడుకున్న చోట, ముడత లేకుండా అరచేత్తో రాసింది. తర్వాత చేతిసంచి తెరిచి, చుక్క గీసిన టిష్యూ పొట్లం తీసి అక్కడ పెట్టింది.

"ఏంటది?" అన్నాను, తెలిసే.

"మళ్ళీ ఉగాదికి వత్తాం కదా" అంది, నా వైపు చూడకుండా. "ఈలోగా ఎవరూ కూర్చోకుండా."

నేనేమీ అనలేదు.